నలభై ఒక్క ఆటలు

తను పనిచేసే టైలరింగ్ షాపు వీధిలో కరెంటు పోయి షాపు కట్టేయడంతో ఆమె మధ్యాహ్నమే ఇల్లు చేరింది. కుడి భుజం పట్టేసి మూడు వారాలుగా చొక్కా గుండీ కూడా పెట్టుకోలేని భర్త, టీవీ ముందు నిలబడి గేమ్ రిమోటును కర్రలా ఊపుతున్నాడు. తెరమీద గోల్ఫ్ బంతి చెరువు దాటి పడింది. ఆమెను చూసి అతను ఆగిపోయాడు.

"ఆడండి. ఆపారేం?"

"ఎడం చేత్తోనే ఆడుతున్నా."

"రిమోటు తాడు కుడి మణికట్టుకుంది."

"డాక్టరే కాస్త కదపమన్నాడు."

"తెరమీద ఆ మూలేముందో చదవండి."

"ఈ నెల ఆడినవి... నలభై ఒకటి."

"నలభై ఒకటి. రోజూ మీకు గుండీలు పెట్టి, తల దువ్వి, ఆలస్యంగా వెళ్లి షాపులో చీవాట్లు తింటున్నా. మీరిక్కడ చెరువులు దాటిస్తున్నారు."

"మొదటి వారం నిజంగానే నొప్పి."

"తర్వాత?"

"తగ్గింది."

"మరి చెప్పరేం?"

"చెబితే మళ్లీ నేను లేవకముందే వెళ్లిపోతావు. గుండీలు పెట్టేటప్పుడు పది నిమిషాలు నా ఎదురుగా నిలబడేదానివి. పెళ్లయ్యాక అంతసేపు ఎప్పుడు నిలబడ్డావు?"

ఆమె కోపం మాత్రం తగ్గలేదు.

"ఆ ముక్క అడగడానికి భుజమెందుకు? నోరు లేదా?"

ఆమె అతని మణికట్టు తాడు విప్పి, రిమోటు సోఫా మీదికి విసిరింది.

"రేపట్నించి పొద్దున్నే లేచి నా జడ మీరే వెయ్యాలి. దానికీ పది నిమిషాలే పడుతుంది."