నల్లబడిన ఉత్తరం

ప్రదర్శన ఆఖరిరోజు హాలు ఖాళీగా ఉంది. గోడమీంచి తన బొమ్మలు దించుతున్న చిత్రకారిణి వెనక ఆమె భర్త వచ్చి నిలబడ్డాడు.

"ఈ నల్లటిదేంటి?"

"మన అమ్మాయి ఉత్తరం. ఆపరేషన్‌కి వెళ్లేముందు రాసింది. అది పోయాక ఏడాదిపాటు రోజూ ఆ ఉత్తరాన్నే అక్షరం మీద అక్షరం రాశాను. చివరికిలా అయింది."

"ఒక్క ముక్కా అర్థం కావట్లేదు."

"చదవడానికి కాదండి. ఏడుపుని అక్షరాల్లో చూపిద్దామనుకున్నా."

"అసలు కాగితమేది? నేను చదవనేలేదు."

"అప్పుడిస్తే మీరు తీసుకోలేదుగా. ముక్కలు చేసి అడుగున అంటించేశాను."

అతను కళ్లజోడు తుడుచుకున్నాడు.

"చివరి రెండేళ్లూ దాంతో మాట్లాడలేదు నేను. ఇందులో నా ఊసేమైనా ఎత్తిందా?"

ఆ ఉత్తరం ఆమెకు కంఠతా వచ్చు. స్నేహితురాలికీ, పెంచుకున్న పిల్లికీ కూడా అందులో చోటుంది. తండ్రి మాట ఎక్కడా లేదు.

"ఎత్తింది."

"ఏమని?"

ఏడాదిగా అక్షరాలతోనే కాపురం చేసిన మనిషికి, అల్లి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

"మరిచిపోయానండీ."

అతను ఆ ఫ్రేము దగ్గరికి జరిగాడు.

"దాని మాట ఒక్కటైనా మరిచిపోయే మనిషివి కాదు నువ్వు," అని, ఫ్రేము రెండో కొస పట్టుకుని దించడానికి సాయం చేశాడు.