మూగ సినిమాలో మా అత్త చెప్పిన మాట

"అమ్మమ్మా, పాత సినిమాల మీద రాసేటాయన పట్నం నుంచి ఫోన్ చేసిండు. మీ అత్త సినిమా రీలు ఎక్కడా దొరకలేదట. నువ్వు నిజంగ చూసినవా?"

అవ్ బిడ్డా, ఈ కళ్లతోనే చూసిన. ఆ బ్యాగు పక్కన పెట్టి కూసో, నీ ఖమ్మం బస్సుకు ఇంక టైమున్నది.

ముందుగాల మా నాయనమ్మ సంగతి చెప్పాలె, లేకుంటే కథ నీకు ఎక్కదు. మా అత్త, అంటే మా నాయిన చెల్లె, పుట్టినప్పుడు నాయనమ్మకు జరమొచ్చి చెవులు పోయినయ్. మాట ఉన్నది, వినికిడి లేదు. అందుకని అత్త చిన్నప్పటి నుంచి తల్లితోని ఉత్త పెదవులు కదిలిచ్చే మాట్లాడేది. పొయ్యి కాడ కూసొని ఇద్దరు పొద్దంత ముచ్చట్లే. పక్కనే ఉన్న తాతకు ఒక్క ముక్క తెల్వదు. ఆయనకదో మంట.

గసుంటి పిల్ల నాటకాల కంపెనీతోని మద్రాసు పోయి సినిమాల చేరింది. పేరు మార్చి ముందట మిస్ అని తగిలిచ్చిండ్రు. ఇంట్ల దాని పేరెత్తొద్దన్నడు తాత. ఉత్తరాలొస్తే విప్పకుండనే పొయ్యిల పెట్టేటోడు. బిడ్డ తిన్నదో లేదో, అసలు ఉన్నదో లేదో నాయనమ్మకు తెల్వదు. అడిగితే ఆయన మొకం తిప్పుకునేటోడు. మొకం తిప్పుకుంటే పెదవులు కనవడయ్, ఆమెకు ఇంక మాటే లేదు గద, అర్థమైందా?

నేను నీ చెల్లెలంత ఉన్నప్పుడు దమ్మపేట నుంచి బండ్లు కట్టుకొని నవమికి భద్రాచలం పోయినం. అప్పుడు గోదారికి బ్రిడ్జి యాడిది, పడవే. ఏటికి ఇటు నైజాం, అటు ఇంగ్లీషోళ్లు. సోషల్ పరీక్షల వస్తది, యాదుంచుకో. తిరునాళ్లల గుడారమేసి సినిమా ఆడిస్తున్నరు. నేల టికెట్ అణా... కాదు కాదు, అర్ధణా. అణా పెడితే బెంచీ. అప్పటికే మాటల సినిమాలు వచ్చినయ్ గని, మా దిక్కుకు పాతయే వచ్చేటియి. తెర పక్కన ఒకాయన కట్టె పట్టుకొని నిలబడి కథ చెప్తడు.

బొమ్మ పడ్డది. చూస్తే ఎవరు, మా అత్త.

కథల మొగడు అనుమానపడి ఆమెను అడివిలకు ఎళ్లగొడ్తడు. అడివంటే ఏం అడివి, కుండీల మొక్కలు. వెనక కూసున్న కోయ ఆడోళ్లు ఒకటే నవ్వుడు. అత్త చెట్టు పట్టుకొని ఏడుస్తున్నది. కట్టె ఆయన గొంతు చించుకుంటున్నడు, "నాథా, నన్నీ ఘోరారణ్యం పాలు చేసితివా" అని. బెంచీల మీదోళ్లంత ముక్కులు చీదుతున్నరు. మా నాయనమ్మ పకపక నవ్వింది. చెవుల్లేనోళ్ల గొంతు పెద్దగుంటది గద, గుడారమంత వినవడేటట్టు తెరకు జవాబిచ్చింది.

"ఏం తింటున్నవే? బొక్కలు తేలినయ్!"

కట్టె ఆయన కథ ఆపి మా దిక్కు చూసిండు. తాత సిగ్గుతోని ఆమె చెయ్యి గుంజిండు. ఆమె ఆయన దిక్కు తిరిగింది.

"నాథా లేదు, గీథా లేదు. అమ్మా, నేను మంచిగున్న, కడుపునిండ తింటున్న, నాయినకు కోపం తగ్గిందా అంటున్నది."

తాత నమ్మలే. లేశి బయటికి పోయిండు. ఇంగ పొద్దున్నే పడవెక్కుడే అనుకున్నం. మర్నాడు ఆట టైముకు చూస్తే మా కంటె ముందే గుడారంల కూసున్నడు, పక్కన నాయనమ్మకు కండువా ఏసి జాగ పట్టి. ఏడుపు సీను రాంగనే ఆమె దిక్కు మొకం తిప్పిండు. చప్పుడు చెయ్యకుండ పెదవులు కదిలిచ్చిండు. నాక్కూడ అర్థమైంది.

"ఏమంటున్నదే అది?"

నాయనమ్మ "ఇన్నేండ్లు ఆగినవ్ గద, ఇంకో ఆటకు ఆగు" అన్నది.

ఆగిండు పాపం. ఊరికి రాంగనే, బిడ్డను తోలుకరమ్మని మా నాయినను మద్రాసు పంపిండు. అత్త వచ్చినంక నేనడిగిన, మీ అమ్మ చూస్తదని నీకెట్ల తెలుసని. తెల్వదే, అన్నది. చేసిన ప్రతి సినిమాల అదే మాట అన్నదట. ఏదో ఒకటి గోదారి దాక రాకపోతదా అని.

ఆ పట్నం ఆయనకు చెప్పు, రీలు నా దగ్గర లేదు గని మాటయితే ఉన్నది, రాసుకొమ్మను.

ఇగో, బస్సు హారన్ కొడుతున్నది. పైలంగ పో బిడ్డా, చల్లగుండు. ఖమ్మంల దిగి నాకు మిస్డ్ కాల్ ఇయ్యకు. చెవులు నాకు మంచిగనే ఉన్నయ్, మాట్లాడు.