రోహిణి కార్తెలో యూరియా

— అమ్మమ్మా, నందిగామలో మా ఇంటి ముందు లాన్ వేయించాం కదా. దానికి ఎరువు ఎప్పుడు వెయ్యాలి? ఎలా వెయ్యాలి?

ఎరువా? నన్నడుగుతున్నావేంటే, మీ తాతయ్య ఉన్నారుగా. అడిగావా? హా... చెప్పరులే. ఆ మాటెత్తితే లేచి లోపలికెళ్లిపోతారు. చూడు, ఇప్పుడూ అలానే వెళ్లారు. అందుకని నేనే చెప్తా. ఫోన్లో రికార్డు అవుతోందా? అవనీ. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, కీచుమంటోంది.

అసలు మా ఇళ్లల్లో గడ్డికి ఎరువేంటే! వత్సవాయిలో వ్యవసాయం చేసినన్నాళ్లూ గడ్డి పీకడమే సరిపోయేది మాకు. పత్తి చేలో గరిక పడిందంటే ఇక ఆ ఏడాదంతా దాంతోనే యుద్ధం. పీకి గట్టు మీద పడేస్తే అక్కడా బతికేది మాయదారిది. అలాంటిది ఈ జగ్గయ్యపేటలో ఇల్లు కట్టుకున్నాక మీ అమ్మ పట్టుబట్టి వాకిట్లో గడ్డి వేయించింది. చాపలాగా చుట్టలు చుట్టి తెచ్చి పరిచారు. మీ తాతయ్య నడుం మీద చెయ్యేసుకుని చూసి, "జీవితమంతా పీకించి, ఇప్పుడు కొని పెంచమంటారా" అన్నారు. అన్నారు గానీ పొద్దున్నే పైపు పట్టుకునేది ఆయనే. ఆ పైపు ఇంకెవరన్నా ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు.

ఏం చెప్తున్నా? ఆ, ఎరువు. ఎరువు సంగతి చెప్పాలంటే మా బావగారి సంగతి చెప్పాలి. మీ తాతయ్యకి అన్నయ్య. నువ్వు చూసావులే, ఒళ్లో కూర్చుని మీసం లాగేదానివి, గుర్తుండదు. మా మావగారు ముందే పోతే మీ తాతయ్యని పెంచింది ఆయనే. నాగలి పట్టించింది, నా పెళ్లిచూపులకి వచ్చింది, అన్నీ ఆయనే. పెళ్లిచూపుల్లో ఏవడిగారో తెలుసా నన్ను? "అమ్మాయీ, మావాడు మాట్లాడడు, నువ్వు మాట్లాడతావా?" అని. నేను నవ్వా. అంతే, ఖాయం చేసేసారు.

యూరియా చల్లడం కూడా మీ తాతయ్యకి ఆయనే నేర్పారు. అదేవన్నా చిన్న విషయం అనుకుంటున్నావా? పంచె ఒడిలాగా కట్టుకుని, అందులో యూరియా పోసుకుని, గుప్పెడు తీసి అడుగు వేస్తూ చెయ్యి తిప్పాలి. ఒకచోట కుప్ప పడకూడదు, ఒకచోట వదలకూడదు. అప్పట్లో బస్తా ధర ఎంతుండేదిలే, ఇప్పుడు ఆ డబ్బుతో కంచికచర్ల బస్టాండులో రెండు కాఫీలు రావు. అయినా గింజ కింద పడితే తిట్టేవారు. అన్నదమ్ములిద్దరూ ఆ గట్టునొకరు ఈ గట్టునొకరు చల్లుకుంటూ వస్తుంటే, దూరం నుంచి ఎవరు అన్నో ఎవరు తమ్ముడో తెలిసేది కాదే నాకు. చెయ్యి తిప్పడం అచ్చం ఒకటే. అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీద నిలబడి, మొహం కనపడేదాకా ఆగేదాన్ని.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. విజయవాడలో ఆస్పత్రి. ఎండాకాలం సగం పైన అక్కడే గడిచింది. కొంచెం తేరుకున్నాక డాక్టరు ఏవన్నాడంటే, పొద్దున్నే చెప్పుల్లేకుండా పచ్చటి గడ్డి మీద నడిపించండి, కాలికి మంచిది అన్నాడట. వత్సవాయి ఇంట్లో గడ్డెక్కడిది, వాకిలంతా నాపరాళ్లేగా. మీ తాతయ్య ఎగిరి గంతేసారు. "మా ఇంటికి తీసుకెళ్తా, మా ఇంట్లో లాన్ ఉంది" అని అందరికీ చెప్పుకున్నారు. మాట్లాడని మనిషి అన్నానా? ఆ వారం వాగిందే వాగడం. అన్నయ్య అటునుంచి ఇటు నడుస్తాడు, నేను పక్కన నడుస్తా, నువ్వు కుర్చీ వెయ్యి, కాఫీ అక్కడికే తీసుకురా, ఇదే గోల.

కానీ రోహిణి కార్తె కదటే. ఎండలు మండిపోతున్నాయి. గడ్డి వాడిపోయి పసుపచ్చబడింది. మీ తాతయ్యకి కాలు నిలవలేదు. అన్నయ్య వచ్చేసరికి పచ్చగా ఒత్తుగా ఉండాలి, అదొక్కటే ఆయన బాధ. ఏం చేసారు? పొలంలో చేసినట్టే చేసారు. తెల్లారగట్ల పైపు పెట్టి వాకిలంతా వరి మడిలాగా తడిపారు. ఆ తడిలోనే పంచె ఒడి కట్టుకుని యూరియా చల్లారు. నేను కిటికీలోంచి చూసా. ఎన్నాళ్లకో ఆయన అలా చెయ్యి తిప్పుతూ నడుస్తుంటే నాకు ముచ్చటేసిందే, అబద్ధమెందుకు!

తర్వాత కుళాయి కట్టేసారు. వరిలో అంతేగా, యూరియా చల్లాక మడవ కట్టేసి నీళ్లు కదలనివ్వరు, కదిలితే బలం కొట్టుకుపోతుందని. "ఎవరూ నీళ్లు పట్టద్దు" అని గట్టిగా చెప్పేసారు. పనమ్మాయి తెలీక ఒక బకెట్ పోస్తే దాన్ని కూడా కేకలేసారు పాపం.

వరి మడిలో నీళ్లు నిలబడి ఉంటాయి తల్లీ, గింజ అడుగుకి పోయి కరుగుతుంది. ఇక్కడ నిలబడవుగా. తడి ఆకుకి గింజలు అంటుకున్నాయి, పైన ఎండ కాల్చింది. కింద వేరుకి చుక్క లేదు. చూస్తుండగానే మాడిపోయింది. మాడటం కూడా ఎలాగనుకున్నావ్? ఆయన చెయ్యి తిరిగిన చోటల్లా వంకరగా కొడవలి ఆకారంలో, ఒకదాని పక్కన ఒకటి, గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా.

అప్పుడు కుళాయి తిప్పారు. తిప్పితే ఏం లాభం! మర్నాడే బావగారు వస్తున్నారు.

వచ్చారు. విజయవాడ ఆస్పత్రి నుంచి వచ్చే దారిలో పరిటాల హనుమంతుడి దగ్గర కారు ఆపమని, ఒంటిచేత్తోనే దణ్ణం పెట్టుకున్నారట. రెండో చెయ్యి లేవదుగా. గేటు దగ్గర కారు దిగి, కర్ర ఆనించుకుని నిలబడి ఆ వాకిలి అలా చూసారు. చూసి నవ్వారే! మూతి ఒక పక్కకే వెళ్లేది నవ్వితే. మాట కూడా ముద్దముద్దగా వచ్చేది. "ఒరే, నేను నేర్పిన చెయ్యేరా ఇది, ఒక్క చోటన్నా వదిలావా" అన్నారు. మేవందరం నవ్వాం. మీ తాతయ్య ఒక్కరే నవ్వలేదు. తల వంచుకుని నిలబడ్డారు.

ఇదిగో, ఇప్పుడు చెప్పేదే నాకు మనసులో ఉండిపోయింది. బావగారు కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని, మెల్లగా చెప్పు విప్పారు. మంచి కాలి చెప్పు విప్పి, ఆ కాలితోనే పడిపోయిన కాలి చెప్పు లాగుతున్నారు. నడుద్దామని! మీ తాతయ్య వెళ్లి పట్టుకుని ఆపేసారు. "వద్దన్నయ్యా, ముళ్లలా ఉంది, గుచ్చుకుంటుంది. మృగశిర రానీ, వానలు పడ్డాక పచ్చబడుతుంది, అప్పుడు నడుద్దువు గానీ" అన్నారు. నేను బావగారి ముందు గొంతెత్తి మాట్లాడేదాన్ని కాదు, ఆ రోజు మాత్రం మెట్ల మీంచి అరిచా, "నడవనివ్వండి, గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి" అని. వినలేదు. తనే వంగి ఆ చెప్పు మళ్లీ తొడిగారు. బావగారు కూడా సరేలేరా అన్నారు. గరిక ఎక్కడికి పోతుంది, మనం చంపితే చచ్చిందా ఏనాడన్నా, అన్నారు.

భోజనం చేసి వత్సవాయి వెళ్లిపోయారు. వానలు పడ్డాక వస్తానని.

వానలు పడ్డాయి. నిజంగానే గడ్డి లేచింది, ముందుకంటే ఒత్తుగా. మీ తాతయ్య పొద్దున్నే ఫోన్ చేసారు, అన్నయ్యా, కారు పంపిస్తున్నా అని. ఆదివారం వస్తాలేరా అన్నారట. ఆదివారం రాలేదు. శనివారమే ఆ పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆస్పత్రి దాకా కూడా పోలేదు.

...

ఏం లేదులే. కళ్లజోడు మసకైంది. నీళ్లివ్వు కాసిని.

ఆ, ఎరువు. రాసుకుంటావా, రికార్డేగా. నడి ఎండల్లో వెయ్యకు. మంచి చలిలోనూ వద్దు, అప్పుడు గడ్డి నిద్రపోతుంది, తినదు. తొలకరి పడి గడ్డి లేస్తున్నప్పుడు వెయ్యి. వానాకాలం నడిమధ్య ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి. మాగిన పశువుల ఎరువు జల్లెడ పట్టి పల్చగా చల్లితే అన్నిటికంటే మంచిది. యూరియా అయితే చిటికెడు చిటికెడు, చాలా తక్కువ. ఆకు పొడిగా ఉండాలి, సాయంత్రం పూట చల్లాలి, చల్లిన వెంటనే ఆకు మీద గింజ లేకుండా నీళ్లు కొట్టెయ్యాలి. ఇదంతా మీ తాతయ్య దగ్గర చూసిందే. ఏటా చేస్తారు, ఒక్క తప్పు రానివ్వరు. చూడు, ఎలా ఉందో గడ్డి! కానీ ఒక్కసారన్నా దాని మీద కాలు పెట్టడం చూసావా? గేటు దాకా వెళ్లాలన్నా గోడ పక్క సిమెంటు మీద నుంచి చుట్టూ తిరిగి వెళ్తారు. నేను అడగను. అడిగితే ఏం చెప్తారు!

ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యం. గడ్డిని చూసి వెయ్యి, వానని చూసి వెయ్యి. ఎవరో వస్తున్నారని మాత్రం వెయ్యకు తల్లీ. వచ్చినవాళ్లని ఎలా ఉన్న గడ్డి మీదైనా నడవనీ.

ఏంటి? తాతయ్యని నడిపిస్తావా? నడిపించవే, నీ మాటైతే కాదనరు. ఎప్పుడూ, మళ్లీ వచ్చినప్పుడా? వానలు పడ్డాకా? చూసావా, నువ్వూ అదే మాట! ఆ ఫోన్ అక్కడ పెట్టి లే. లోపలికెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురా. చెప్పులు నువ్వే విప్పు. వంగలేరు ఆయన... వెళ్లు తల్లీ, నూరేళ్లు చల్లగా ఉండు. వెళ్లు, ఎండ ఎక్కకముందే.