సగం తప్పులు

భిలాయిలో ఓ బడి వరండా. ప్లాంటు డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన తండ్రిని లెక్కల టీచరు నిలదీసింది.

“వాసవిని ఎందుకు కొట్టారు?”

“కంప్యూటర్ పరీక్షలో సగం తప్పులేటి మేడమ్! పక్కింటి మొద్దోడికీ సగం ఒచ్చాయి. ఆడూ ఇదీ ఒకటేనా?”

“ఎలా ఒకటవుతారు? సరిగ్గా చేసినకొద్దీ ఆ పరీక్ష ఇంకా కష్టమైన లెక్కలిస్తుంది. ఎవరికైనా సగం దాకా తప్పుతాయి. మీ అమ్మాయికి తప్పినవి పదో తరగతివి. తను చదివేది ఏడు!”

“మరా మాట నాతో సెప్పాలి కదా!”

“చెప్పలేదా? ‘కష్టమైనవి వచ్చాయి నాన్నా’ అనలేదా?”

“అంది. బహానా సేస్తంది, సాకులు సెప్తందనుకున్నాను.”

“అనుకుని చెయ్యి చేసుకున్నారు. ఇప్పుడు లోపలికెళ్ళి, క్లాసులో తనే ఫస్టని మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మట్లేదు.”