వెనక టైర్లు నా వాటా

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. లిఫ్టు మీదున్న కారు కింద నుంచి మెకానిక్ మసి చేతులతో బయటికొచ్చాడు. కారు తెచ్చినాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"కంపు కొడుతోందా అండీ? బురదలో ముందు చక్రాలు జారితే వెనక చక్రాలకి పవర్ పంపే క్లచ్చి అది. మాడి మసైపోయింది."

"బురదలోకి ఒక్కసారి కూడా దించలేదండీ. బందరు రోడ్డు మీదే తిరిగాం."

"వెనకవి కొత్త టైర్లు, ముందువి అరిగి నున్నగా అయిపోయినయ్యి. అరిగిన చక్రం చిన్నదైపోయి ఎక్కువ తిరుగుద్ది. అది జారుతోందనుకుని బండి వెనక్కి పవర్ తోస్తది. మీరు వెనకవి మార్చిన ఆర్నెల్ల నుంచి తారు రోడ్డు మీద కూడా బురదలో ఉన్నాననుకునే నడిచింది, పాపం."

"అంత తేడా చేస్తుందా?"

"నాలుగూ ఒకేసారి మార్చమని చెప్పానా లేదా?"

"ఆస్తి పంపకాల్లో కారు ఇద్దరికీ వచ్చిందండీ. వెనక టైర్లు నా వాటా, ముందువి అన్నయ్య వాటా. ఆయన మార్చనన్నాడు."

"ఛీ. టైర్లు కూడా పంచుకున్నారూ? మరి ఈ క్లచ్చి ఎవరిది?"

"అది ఇద్దరిదీనండీ. నా సగం వరకూ బాగుచేసి ఇవ్వండి."