బొట్లు చూసి బెల్టు బిగించిన అల్లుడు

"ఆంటీ, నా కారుకు టైమింగ్ బెల్టు మార్చాలట. గ్యారేజీకి ఎందుకు, వీడియో చూసి నేనే మారుద్దామనుకుంటున్న. మీ అల్లుడు గూడ ఇంట్లనే మార్చిండట గదా?"

మార్చిండు, మార్చిండు! కూసో మనోజ్. నీకంటె ముందు ఇంకో మొనగాడు ఉండె, చెప్త విను. ఈ న్యూ లిన్ పేటకు రాకముందు ముచ్చట, పామర్‌స్టన్ నార్త్ అనే ఊర్ల ఉన్నప్పటిది. నాలుగేండ్లు... కాదు, ఐదు. పుస్తకంల రాసి ఉంటది, మల్ల చూస్త. మతి మీద నమ్మకం లేక ఏ రోజుది ఆ రోజు రాసుకుంట, నీకెరుకే గదా. బడికి పోలే నేను, సరుకులు కట్టిచ్చిన కాగితాలు చదివి చదివి నేర్చుకున్న.

మా అల్లుడు శ్రీధర్‌ది కంప్యూటర్ పని. ఇంట్ల బల్బు మార్చినా ఫొటో తీసి అందరికీ పంపుతడు. అసొంటోడు ఓ శనివారం కారు ముందటి భాగం విప్పిండు. "బెల్టే గదా అత్తమ్మా, మీ కుట్టుమిషన్ బెల్టు లెక్కనే" అన్నడు. నా మిషన్‌ది తోలు బెల్టు, రెండు రూపాయలకు వచ్చేది, ఎట్ల తగిలించినా తిరిగేది. ఇది అట్లనా? పండ్లున్న చక్రాలు రెండు సరిగ్గ కలువాలె, పన్ను తప్పితే ఇంజను పాడైతది. అందుకే వాడు నా బిడ్డ గోళ్ల రంగుతోని చక్రాలకు గుర్తుగ ఎర్ర చుక్కలు పెట్టి, పాత బెల్టు ఊడదీసిండు. మిగిలింది రేపన్నడు.

తెల్లారితే దసరా. మనం పనిముట్లకు బొట్టు పెట్టమా? చక్రాలు బోసిగ కనబడ్డయి. కుంకుమ తడిపి కనబడ్డ కాడ పెద్ద పెద్ద బొట్లు పెట్టిన. పోయి చెప్పిన గూడ. వాడు చెవులల్ల అవేవో పెట్టుకొని వీడియో చూస్తున్నడు, బొటనవేలు లేపిండు.

ఇగ తన చుక్కలే అనుకొని నా బొట్టుకు బొట్టు కలిపి బెల్టు బిగించిండు! వాని చుక్క కందిగింజంత, నా బొట్టు రూపాయి బిళ్లంత. అంత చదువుకున్నోనికి ఆ తేడా తెల్వలే. తాళం పెట్టకముందు చక్రాలను చేత్తోని రెండు చుట్లు తిప్పి చూడాలని కారు పుస్తకంల బొమ్మ ఉంది. నేను చూపిస్తే నవ్విండు. తాళం తిప్పిండు. టకటక కొట్టుకొని ఆగింది. గ్యారేజాయన చూసి ఇంజను లోపలి వాల్వులన్నీ వంగినయన్నడు.

నా బిడ్డ హాస్పిటల్ డ్యూటీకి ఎదురుగాలిల సైకిల్ తొక్కింది. అది గూడ పోనీ. "అత్తమ్మ నాకు చెప్పలే, మర్చిపోయింది" అన్నడు. బిడ్డ నా దిక్కు ఒక్క చూపు చూసింది... ఆనాటి నుంచి బయటికి పోయేటప్పుడు స్టవ్ బందున్నదా అని రెండుసార్లు చూసి పోతది. నేను గూడ నిజమే అనుకున్న. నేను రాసుకున్న పుస్తకం అప్పుడే తీసి చూడొచ్చు గదా అంటవు. భయం మనోజ్. అండ్ల రాసి లేకపోతే?

నెలల తరబడి ఆ పేజీ దిక్కు పోలే. ఓనాడు ధైర్యం చేసి తీసిన. ఉంది! 'దసరా. చక్రాలకు బొట్టు పెట్టిన. శ్రీధర్‌కు చెప్పిన. వేలు లేపిండు.' అన్నం కాడ గట్టిగ చదివిన. వాడేమన్నడు? "పప్పు మంచిగుంది అత్తమ్మా" అన్నడు! బిడ్డ మాత్రం స్టవ్ చూసుడు ఇప్పటికీ మానలే.

నవ్వకు. ఇగో పుస్తకం, ఇగో పెన్ను. 'బెల్టు గ్యారేజీల మార్పిస్త' అని రాయి. లేకుంటే రేపు నువ్వు గూడ ఆంటీ చెప్పలే అంటవు. రాసినవా? కింద పేరు పెట్టు. మంచిగ బతుకు బిడ్డా, సల్లగుండు... ఆఁ, తేదీ గూడ వెయ్యి.