గాల్లో రాయి

గుణదలలో ఒక అద్దె వాటా, శనివారం సాయంత్రం. మర్నాడు చర్చిలో సంఘం ముందు చెప్పబోయే సాక్ష్యం అతను కాగితం మీద రాసుకుంటున్నాడు. పక్కనే భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఇది విను. 'మా పాప జెమీమాకు రోజూ ఒక అధ్యాయం చదివి వినిపిస్తాను.' బావుందా?"

"బావుందండీ. ఏ అధ్యాయమో కూడా చెప్పండి."

"అదెందుకు?"

"రోజూ నూట పదిహేడో కీర్తనే కదా. ఉన్నవే రెండు వచనాలు. మీరు బైబిలు జిప్పు తీసేసరికే పిల్ల ఆమెన్ అనేస్తోంది."

"చిన్నదైనా అధ్యాయం అధ్యాయమే. అందులో అబద్ధమేముంది?"

"అబద్ధమని నేనన్నానా?"

"పెద్దవి చదివితే అది నిద్రపోతుందే."

"ఎప్పుడు పోయిందండీ? దావీదు వడిసెల తిప్పి గొల్యాతు మీదికి రాయి విసిరాడన్నారు. అంతలో ఫోన్ మోగింది. బాల్కనీలోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఆ పేజీ తియ్యలేదు. మూడు నెలలైంది."

"తర్వాత నువ్వు చెప్పాల్సింది."

"చెప్పబోతే చెవులు మూసుకుంటోంది. నాన్నే చెప్పాలంట."

"సరే, వచ్చే వారం చెప్తాలే. ఇప్పుడు నన్ను రాసుకోనీ."

"రాసుకోండి. రేపు దాన్ని ముందు చాప మీదే కూర్చోబెడతాను. మీ చేతికి మైకు రాగానే లేచి అడుగుతానంది, ఆ రాయి తగిలిందా, ఇంకా గాల్లోనే ఉందా అని."